లోపలికి ముందు రోబో వెళ్ళాలి, తర్వాతే మనిషి

2007 ఆగస్టులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో క్రాండల్ క్యాన్యన్ అనే బొగ్గు గని కూలిపోయి ఆరుగురు లోపల చిక్కుకున్నారు. వాళ్ళ కోసం శిథిలాలు తవ్వుకుంటూ వెళ్తున్న రెస్క్యూ వాళ్ళ మీద పది రోజుల తర్వాత పక్క గోడలు బాంబు పేలినట్టు బద్దలయ్యాయి, ఇంకో ముగ్గురు పోయారు. మొదటి ఆరుగురు చివరికి దొరకనే లేదు. గని ప్రమాదాల గురించి ఎక్కడ చదివినా నేను ఈ రెండో వార్త దగ్గరే ఆగిపోతా. మొదటి ప్రమాదం ఎవరూ ఊహించకపోయి ఉండొచ్చు, కానీ రెండోసారి మనుషుల్ని పంపేటప్పుడు లోపల పరిస్థితి బాలేదని అందరికీ తెలుసు, ఎంత బాలేదో మాత్రం ఎవరికీ తెలీదు, అయినా లోపల తోటివాళ్ళు ఉన్నారు కాబట్టి వెళ్ళారు.

ఆ "ఎంత బాలేదో" అన్నది ముందే తెలుసుకోవడం కోసమే రోబోలు కావాలి అని నా అభిప్రాయం. నేను చేసే పని రోబోలకి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం, అంటే రోబో ఎటు తిరిగితే అటు చుట్టూ ఉన్నదాన్ని త్రీడీలో గీసుకుంటూ పోయే ప్రోగ్రామ్. అందుకే ఈ విషయం గురించి ఎవరైనా కదిపితే చాలాసేపు మాట్లాడతా, ఇప్పుడు కూడా అదే చేస్తున్నా.

చాలామంది అడిగేది ఏంటంటే, మార్స్ మీదికి రోవర్ పంపాం కదా, కిలోమీటర్ దూరం ఉన్న సొరంగంలోకి ఒక రోబోని పంపడం అంత కష్టమా అని. కష్టమే. చాలా విషయాల్లో మార్స్ కంటే కష్టం కూడా. మార్స్ మీద ఆకాశం కనిపిస్తుంది, వెలుతురు ఉంటుంది, నీళ్ళు కారవు, పైనుంచి రాయి పడదు, పైగా అక్కడ ఎంత నెమ్మదిగా వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. కూలిన సొరంగంలో ఇవన్నీ తలకిందులు, దానికి తోడు గడియారం పరిగెడుతూ ఉంటుంది.

అన్నిటికంటే ముందు గ్యాస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే రోబో వీడియోలు చూసి మురిసిపోయేవాళ్ళు ఎవరూ దీని గురించి అడగరు. బొగ్గు గనుల్లో మీథేన్ ఊరుతూ ఉంటుంది. గాల్లో దాని వాటా సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు, చిన్న నిప్పురవ్వతో పేలుతుంది. మామూలుగా అయితే పెద్ద ఫ్యాన్లతో గాలి తోలుతూ ఆ గ్యాస్ పేరుకోకుండా చూస్తారు, ప్రమాదం జరిగాక చాలాసార్లు ముందు ఆగిపోయేది ఆ ఫ్యాన్లే. ఇప్పుడు ఆలోచించండి, రోబో అంటే ఏంటి? మోటార్లు, స్విచ్‌లు, లిథియం బ్యాటరీ, వేడెక్కే కంప్యూటర్. ఇవన్నీ నిప్పు రాజెయ్యగలిగినవే. అంటే లోపల ప్రాణాలతో ఉన్నవాళ్ళని వెతకడానికి పంపిన రోబోనే వాళ్ళని చంపే అవకాశం ఉంది.

దీనికి పద్ధతులు లేకపోలేదు. ఒకటి, లోపల నిప్పురవ్వ పుట్టి పేలినా మంట బయటికి రాకుండా ఆపే మందపాటి లోహపు డబ్బాలో మోటార్లు, సర్క్యూట్లు పెట్టడం. ఇంకోటి, గ్యాస్‌ని అంటించేంత కరెంటు ఏ వైర్లోనూ ఎప్పుడూ ఉండకుండా సర్క్యూట్‌నే అలా డిజైన్ చెయ్యడం. రెండోది చిన్న సెన్సార్లకి బాగానే ఉంటుంది కానీ వంద కిలోల బండిని బురదలో లాగే మోటార్‌కి కుదరదు. అందుకే గ్యాస్ గనులకి పనికొచ్చే రోబోలు చూడ్డానికి అంత నాజూగ్గా ఉండవు. అమెరికా గని భద్రతా సంస్థ దగ్గర వీ2 అని ఒక ట్రాక్‌ల రోబో ఉండేది, బరువు 500 కిలోల పైనే, దాని వెనక ఫైబర్ కేబుల్. 2006లో వెస్ట్ వర్జీనియాలో సేగో గని పేలినప్పుడు దాన్ని లోపలికి పంపారు కూడా. చూసేవాళ్ళకి పాత బుల్డోజర్ బొమ్మలా అనిపించొచ్చు, కానీ ఆ మొద్దు ఆకారం అంతా గ్యాస్ అంటుకోకుండా ఉండటానికి కట్టిన మూల్యం. ఇప్పుడు సోషల్ మీడియాలో కనిపించే నాలుగు కాళ్ళ రోబోల్లో చాలావాటిని కొన్నవి కొన్నట్టుగా గ్యాస్ ఉన్న బొగ్గు గనిలోకి పంపకూడదు. రాతి సొరంగం, మెట్రో టన్నెల్, ఇనుప ఖనిజం గని, అక్కడ చాలావరకు పర్లేదు, బొగ్గు గని లెక్క వేరు.

న్యూజిలాండ్ పైక్ రివర్ గని సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2010 నవంబర్ 19న మీథేన్ పేలుడు, ఇద్దరు మాత్రం ఎలాగో నడుచుకుంటూ బయటికొచ్చారు, 29 మంది లోపలే ఉండిపోయారు. లోపల గ్యాస్ ఎంతుందో తెలీక రెస్క్యూ టీములు గుమ్మం దగ్గరే ఆగాల్సొచ్చింది, బయట కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. చివరికి ఆర్మీ దగ్గర ఉన్న బాంబులు తీసే రోబోని తెచ్చి పంపారు, అది సుమారు 550 మీటర్లు వెళ్ళి, పైనుంచి కారే నీళ్ళు తగిలి షార్ట్ అయ్యి ఆగిపోయింది. తర్వాత ఇంకో రోబో తెచ్చారు. ఈలోపు నవంబర్ 24న గని రెండోసారి పేలింది, ఎవరైనా బతికుంటారన్న ఆశ ఆ రోజుతో పోయింది. ఆ రోబోని తయారుచేసినవాళ్ళని నేనేమీ అనను, అది రోడ్ మీద బాంబు దగ్గరికి వెళ్ళడానికి పుట్టింది, దాన్ని నీళ్ళు కారే గనిలోకి తెచ్చింది వేరే గతి లేక. నా బాధంతా ఆ "వేరే గతి లేక" గురించే, అంత పెద్ద గని దగ్గర దానికి సరిపోయే రోబో ఒక్కటి కూడా ముందునుంచి సిద్ధంగా లేదు.

తర్వాతది సిగ్నల్. రేడియో తరంగాలు తిన్నగా ఉన్న సొరంగంలో కొంతదూరం బానే వెళ్తాయి, మలుపు తిరిగితే రాయి మింగేస్తుంది. అందుకని ఒక దారి కేబుల్ లాక్కెళ్ళడం, కానీ కేబుల్ రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, ఒక్కోసారి రోబోనే దాన్ని తొక్కేస్తుంది, దూరం పెరిగేకొద్దీ దాని బరువే రోబోని వెనక్కి లాగుతుంది. ఇంకో దారి, రోబో వెళ్తూ వెళ్తూ చిన్న చిన్న రిలే డబ్బాలు కింద జారవిడుచుకుంటూ పోవడం, ఒకటి ఇంకోదానికి సిగ్నల్ అందిస్తూ గుమ్మం దాకా తెస్తాయి. మూడో దారి, సిగ్నల్ పోయినా పర్లేదు, నీ అంతట నువ్వు వెళ్ళి చూసి వెనక్కి సిగ్నల్ అందే చోటికి వచ్చి చెప్పు అని రోబోకే వదిలెయ్యడం. నాకైతే ఈ మూడోదే ఇష్టం, కానీ దానికి రోబోకి తను ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి, నా రోజువారీ తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

భూమి కింద జీపీఎస్ రాదు. కాబట్టి రోబో లైడార్‌తో చుట్టూ లేజర్ తిప్పి, సెకనుకి లక్షల చుక్కల్లో గోడల ఆకారం పట్టుకుని, ఇందాకటి ఆకారంతో ఇప్పటి ఆకారం పోల్చుకుని, ఓహో ఇంత ముందుకి జరిగానన్నమాట అని లెక్క వేసుకుంటుంది. దీన్నే స్లామ్ అంటారు, మ్యాప్ గీయడం, ఆ మ్యాప్‌లో తనెక్కడుందో పట్టుకోవడం రెండూ ఒకేసారి. పాత గనిలో గోడలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నున్నగా కాంక్రీట్ వేసిన టన్నెల్‌లో అయితే మాత్రం చిక్కే, ఎందుకంటే ఏ మీటర్ దగ్గర నిలబడి చూసినా ముందూ వెనకా పక్కలా అంతా ఒకేలా ఉంటుంది. రోబో నడుస్తూనే ఉంటుంది, లైడార్ మాత్రం నువ్వు కదల్లేదు అంటుంది. స్క్రీన్ మీద చూస్తే చాలా విచిత్రంగా ఉంటుంది, అసలు టన్నెల్ రెండొందల మీటర్లు, మ్యాప్‌లో అది నొక్కేసినట్టు పొట్టిగా అయిపోయి, గోడకి తగిలించిన ఒక్క కరెంటు డబ్బా మాత్రం వరసగా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం జరిగి కనిపిస్తుంది. ఆ డబ్బా అలా చీలిపోయి కనపడిందంటే లెక్క ఎక్కడ జారిందో అక్కడ దొరికినట్టే. అప్పుడు చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయి, కదలికలు కొలిచే ఐఎంయూ ఏం చెప్తోంది, కెమెరాకి గోడ మీద మరకలేమైనా కనిపించాయా, ఇవన్నీ కలిపి సరిచెయ్యాలి. చక్రాలేమో బురదలో ఉన్నచోటే తిరుగుతాయి, కాబట్టి వాటినీ పూర్తిగా నమ్మలేం.

పైగా సొరంగానికి ఒకటే దారి ఉంటే ఇంకో ఇబ్బంది. ఊళ్ళో వీధుల్లో తిరిగే రోబో ఒక చుట్టు తిరిగి మొదటి చోటికే వస్తే, ఇది నేను చూసిన చోటే కదా అని గుర్తుపట్టి మొత్తం మ్యాప్‌ని ఒక్క దెబ్బతో సర్దుకుంటుంది. ఒంటి దారి సొరంగంలో ముందుకి పోతున్నంతసేపూ ఆ అవకాశం లేదు. లెక్కలో తప్పు ఒక్క శాతమే అనుకున్నా కిలోమీటర్‌కి 10 మీటర్లు, 14 కిలోమీటర్లకి 140 మీటర్లు. ఆ 140 మీటర్ల తేడాతో పైనుంచి బోర్ వేస్తే ఎక్కడ తేలుతుందో మీరే ఊహించుకోండి.

నీళ్ళు కూడా లైడార్‌ని బాగా తికమక పెడతాయి. నిశ్చలంగా ఉన్న నీటిగుంట మీద లేజర్ పడితే వెనక్కి రాదు, లేదా అద్దంలా పైకప్పుకి తగిలి వస్తుంది, దాంతో రోబోకి అక్కడ పెద్ద గొయ్యి ఉన్నట్టు అనిపించి అడుగు కూడా ముందుకెయ్యదు. అరచేయంత లోతు నీళ్ళ ముందు లక్షల ఖరీదు చేసే మెషిన్ గోతి ముందు నిలబడ్డట్టు నిలబడిపోతుంది. డ్రోన్‌ని పంపుదామంటే దాని రెక్కల గాలికే దుమ్ము లేచి కెమెరా గుడ్డిదైపోతుంది, బ్యాటరీ కూడా చాలావాటికి పది నిమిషాల చుట్టూనే ఆడుతూ ఉంటుంది. అయినా చుట్టూ పంజరం కట్టిన డ్రోన్లు గోడకి తగిలినా పడకుండా వెళ్తాయి, బావిలా నిట్టనిలువుగా దిగే చోట వాటికి మించింది నాకైతే కనపడలేదు.

ఈ ఇబ్బందులన్నీ ఒకేచోట పెట్టి పరీక్ష పెట్టింది డార్పా, అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ. సబ్‌టెరేనియన్ ఛాలెంజ్ అని పేరు. 2019 ఆగస్టులో పిట్స్‌బర్గ్ దగ్గర పరిశోధన కోసం ఉంచిన గనుల్లో మొదటి రౌండ్, 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలో సగంలో ఆపేసిన అణు విద్యుత్ ప్లాంట్‌లో రెండోది, గుహల రౌండ్ కోవిడ్ వల్ల రద్దయ్యింది, 2021 సెప్టెంబర్‌లో కెంటకీలోని లూయీవిల్ మెగా క్యావర్న్‌లో ఫైనల్. రూల్స్ నాకు భలే నచ్చాయి. ఒక్కో టీమ్ నుంచి రోబోలని నడిపించడానికి మనిషి ఒక్కడే ఉండాలి. లోపల దాచిన వస్తువులు వెతకాలి, వెచ్చగా ఉండే మనిషి బొమ్మ, సెల్‌ఫోన్, బ్యాక్‌ప్యాక్, హెల్మెట్, తాడు, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఉన్న చోటు ఇలాంటివి. దొరికిందంటే చాలదు, అది ఎక్కడుందో 5 మీటర్ల లోపు కచ్చితంగా చెప్తేనే పాయింట్. బొమ్మని కెమెరా పట్టుకుంటుంది సరే, ఫోన్ ఎక్కడో మూలన పడుంటే దాని వైఫై సిగ్నల్ వాసన పట్టుకుని వెళ్ళాలి. నిజం రెస్క్యూలో అక్కరకొచ్చే ఉపాయం అది, ఎందుకంటే లోపల చిక్కుకున్నవాళ్ళ జేబులో ఈ రోజుల్లో ఏదో ఒక పరికరం సిగ్నల్ ఇస్తూ ఉండొచ్చు కదా.

ఫైనల్లో నాలుగు కాళ్ళ ఎనీమల్ రోబోలతో వచ్చిన సెర్బెరస్ టీమ్, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్ళ టీమ్ చెరో 23 పాయింట్లతో సమానంగా నిలిచాయి, చివరి పాయింట్ ఎవరు ముందు తెచ్చుకున్నారో చూసి సెర్బెరస్‌కి ఇచ్చారు, తేడా నిమిషం కూడా లేదు. బహుమతి 20 లక్షల డాలర్లు. నాకు మాత్రం గెలుపు కంటే ఆసక్తిగా అనిపించింది ఆ టీములు తెచ్చిన రకరకాల రోబోలు. ఒక రోబో అన్నీ చెయ్యలేదని అందరూ ఒప్పేసుకున్నారు. ట్రాక్‌ల బండి మీద డ్రోన్‌ని ఎక్కించి తీసుకెళ్ళి, బండి దిగలేని చోట డ్రోన్‌ని వదలడం, కాళ్ళ రోబో మెట్లు ఎక్కుతుంటే చక్రాల రోబో తిన్నటి దారిలో పోవడం, అందరూ ఒకే మ్యాప్‌ని పంచుకోవడం. ఒకటి పడిపోయినా పని ఆగదు. రోబోలు పడిపోయాయి కూడా, చాలానే.

అయితే పోటీ పోటీయే. 2023 నవంబర్ 12న ఉత్తరాఖండ్‌లో సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది చిక్కుకున్నప్పుడు మనందరం టీవీల ముందే ఉన్నాం. శిథిలాల్లోంచి ఆరు అంగుళాల పైపు తోసి, అందులోంచి ఎండోస్కోపీ కెమెరా పంపితే అప్పుడు వాళ్ళ మొహాలు కనిపించాయి. ఆ కెమెరాని రోబో అనరెవరూ, కానీ నా దృష్టిలో ఆ మొత్తం ఆపరేషన్‌లో ఒక రోబో చెయ్యాల్సిన పని అదే చేసింది, మనిషి వెళ్ళలేని చోటికి కన్ను పంపింది. శిథిలాల్ని తొలిచే ఆగర్ మెషిన్ ఇనుములో చిక్కుకుని విరిగిపోయాక చివరి పది పన్నెండు మీటర్లు ర్యాట్ హోల్ మైనర్లు, అంటే ఇరుకు కన్నాల్లో దూరి తవ్వేవాళ్ళు, చేతులతో తవ్వారు, నవంబర్ 28న 41 మందీ బయటికొచ్చారు. రోబోల మీద పని చేసేవాడిగా ఆ చేతుల పనితనానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతా. ఇనుప రాడ్ తగిలితే ఆగి, తడిమి, కోసి, మట్టిని గిన్నెలతో వెనక్కి పంపడం, ఇంత ఓపికైన మెషిన్ ఇంకా తయారవలేదు.

మన తెలంగాణలోని ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. 2025 ఫిబ్రవరి 22న కూలింది, ఎనిమిది మంది, గుమ్మం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల, ఇంకో దారి లేదు, ఊట నీళ్ళు, గట్టిపడే బురద, ముక్కలైన టన్నెల్ బోరింగ్ మెషిన్ ఇనుము. ఆ చివరి భాగం మళ్ళీ కూలుతుందేమో అన్న భయంతోనే రెస్క్యూ వాళ్ళు రోజుల తరబడి లోపలికీ బయటికీ తిరిగారు, కేరళ నుంచి శవాల వాసన పట్టే కుక్కలు వచ్చాయి, మార్చిలో రోబోలని కూడా దింపారు. మార్చిలో దిగిన రోబో ఫిబ్రవరి 22 సాయంత్రమే ఆ సొరంగం గుమ్మంలో ఉండుంటే ఏమయ్యేది అన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ అంత పొడవు, ఒకటే దారి, రాయి బలహీనంగా ఉన్న చోటు అని ముందే తెలిసిన పనిలో అలాంటిదొకటి మొదటి రోజునుంచే ఉండాలి అని మాత్రం గట్టిగా అంటా. మంటలార్పే డబ్బా నిప్పు అంటుకున్నాక కొనం కదా.

ఇంకో మాట, ప్రమాదం జరిగాక రోబో పంపడం కంటే ప్రమాదం రాకుండా పంపడంలోనే నాకు ఎక్కువ నమ్మకం. 2002 జులైలో పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలో తొమ్మిది మంది బొగ్గు తవ్వుతూ తవ్వుతూ పక్కనే ఉన్న, ఎప్పుడో వదిలేసిన నీళ్ళు నిండిన గనిలోకి కన్నం పెట్టేశారు. ఆ పాత గని ఇంకా దూరంగా ఉందని వాళ్ళ దగ్గరున్న మ్యాప్ చెప్పింది, మ్యాప్ తప్పు. అదృష్టం బాగుండి 77 గంటల తర్వాత తొమ్మిది మందీ బయటపడ్డారు. ఆ సంఘటన చూసే కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రెడ్ విటేకర్ బృందం గ్రౌండ్‌హాగ్ అనే రోబోని తయారుచేసింది, పని ఒకటే, వదిలేసిన గనుల్లోకి వెళ్ళి సరైన మ్యాప్ తేవడం. 2003లో మాథీస్ అనే పాత గనిలోకి పంపితే సుమారు 300 మీటర్లు తనంతట తనే వెళ్ళింది, అక్కడ పైకప్పు దూలం ఒకటి విరిగి దారికి అడ్డంగా వేలాడుతోంది, ఇక దాటలేనని తేల్చుకుని వెనక్కి తిరగాలని తనే నిర్ణయించుకుంది. కేబుల్ లేదు, సిగ్నల్ లేదు, పక్కన మనిషి లేడు. ఇరవై ఏళ్ళ కిందటి కంప్యూటర్‌తో! స్లామ్ మీద పని చేసే ఎవరైనా ఆ రోబో గురించి వచ్చిన పరిశోధన పేపర్ ఇప్పటికీ చదివి తీరాల్సిందే.

నీళ్ళు నిండిన గనుల కోసం యూరప్ వాళ్ళు యూఎక్స్-1 అని గుండ్రటి రోబో చేశారు, అడ్డం సుమారు 60 సెంటీమీటర్లు, బయటికి పొడుచుకొచ్చే భాగాలేవీ ఉండవు, వేలాడే వైర్లకీ పాత కర్రలకీ చిక్కుకోకూడదని. స్లొవేనియాలో ఇద్రియా పాదరసం గని, పోర్చుగల్‌లో ఉర్జెయిరీసా యురేనియం గని, ఇలాంటి చోట్ల దాన్ని దింపి చూశారు. డైవర్లని పంపడానికి మనసొప్పని చోట్లు అవి. దశాబ్దాలుగా ఎవరూ చూడని గ్యాలరీలు మళ్ళీ మ్యాప్ మీదకి రావడం అంటే, పక్కన కొత్తగా తవ్వబోయేవాడికి గోడ అవతల ఏముందో తెలియడం.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు నాకు మెసేజ్ పెడుతూ ఉంటారు, ఏ రోబో కొనాలి అని. ఏదీ కొనక్కర్లేదు. సబ్‌టెరేనియన్ ఛాలెంజ్ సిమ్యులేటర్ కోడ్ ఉచితంగానే ఉంది, గజీబో అనే రోబో సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లో నడుస్తుంది, అందులో గుహలూ సొరంగాలూ అన్నీ ఉన్నాయి. సెర్బెరస్ లాంటి టీములు నిజం సొరంగాల్లో రికార్డ్ చేసిన లైడార్ డేటా కూడా ఆన్‌లైన్‌లో పెట్టాయి. దించుకుని మీ స్లామ్ దాని మీద నడిపించి చూడండి, నున్నటి కారిడార్ వచ్చేసరికి మ్యాప్ ఎక్కడ కుంచించుకుపోతుందో వెతకండి, దుమ్ము లేచినప్పుడు చుక్కలు ఏమవుతున్నాయో చూడండి. ఎక్కడైనా ఇరుక్కుంటే కింద కామెంట్‌లో రాయండి, స్క్రీన్‌షాట్ పెడితే ఇంకా మంచిది, కూర్చుని చూద్దాం.